రాతినార దుమ్ము – నలభై ఏళ్ల రికార్డు



2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కుదిపేసింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చింది. రెండుసార్లూ గాలి తగ్గీ తగ్గగానే ఊరూరా ఒకే పని మొదలైంది. ఎగిరిపడి ముక్కలైన సిమెంటు రేకులు ఏరి కుప్ప వెయ్యాలి. కొత్త రేకులు తెచ్చి, కొలతకు కోసి, బెజ్జాలు వేసి, బోల్టులతో బిగించాలి. తుపాను లేని రోజుల్లోనూ తెలుగునాట ఈ పనికి ఖాళీ ఉండదు. కోళ్ల ఫారం వేసినా, గోదాము కట్టినా, మేడ మీద అద్దెకు ఒక గది లేపినా చౌకలో దొరికే కప్పు సిమెంటు రేకే.

ఆ రేకు కోసే మనిషి పని ఎలా ఉంటుందో చూడండి. గీత గీసుకుని, కటింగ్ మిషను ఆన్ చేస్తాడు. చక్రం రేకును తాకగానే తెల్లటి దుమ్ము లేచి అతని మొహాన్ని, జుట్టును, చొక్కాను కప్పేస్తుంది. ముక్కుకు అడ్డంగా ఉన్నది ఒక తువ్వాలు. పని ముగిశాక అదే తువ్వాలుతో ఒళ్లు దులుపుకుంటాడు. కింద రాలిన పొడిని ఒక ఆడకూలీ చీపురుతో ఊడుస్తుంది. అది మళ్లీ గాల్లోకి లేస్తుంది. సాయంత్రం ఇద్దరూ అవే బట్టలతో ఇంటికి పోతారు. ఆ రేకులో సిమెంటుతో పాటు ఇంచుమించు పదో వంతు దాకా ఆస్బెస్టాస్ ఉంటుంది. తెలుగులో దాన్నే రాతినార అంటారు.

రాతినార గనిలోంచి తీసే ఖనిజం. రాయే అయినా జనపనార చీలినట్టు పోగులు పోగులుగా చీలుతుంది. ఒక్కో పోగు మళ్లీ నిలువునా చీలి, చివరికి కంటికి ఆననంత సన్నబడుతుంది. నిప్పుకు కాలదు, సులువుగా కరగదు, సిమెంటులో కలిపితే గట్టిగా పట్టి ఉంచుతుంది. ఫ్యాక్టరీలు దాన్ని కోరుకున్నది ఈ గుణాల కోసమే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక ప్రాణం తీసేదీ ఈ గుణాలే. లోపలికి పోయిన సన్నటి పోగును శరీరం సులువుగా కరిగించుకోలేదు, బయటికి నెట్టలేదు. దాని చుట్టూ కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. అది ఆస్బెస్టాసిస్. కొందరికి ఊపిరితిత్తుల కేన్సర్ వస్తుంది. మరికొందరికి ఊపిరితిత్తుల పైపొరలో, పొట్ట లోపలి పొరలో మీసోథీలియోమా అనే కేన్సర్ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, పనిచోట పీల్చిన ఆస్బెస్టాస్ వల్ల ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. తెల్ల ఆస్బెస్టాస్ అని పిలిచే క్రిసోటైల్‌తో సహా అన్ని రకాలూ మనుషుల్లో కేన్సర్ కలిగించేవేనని ఆ సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది.

ఈ జబ్బులు వెంటనే బయటపడవు. దుమ్ము పీల్చిన 20 ఏళ్లకో, 30 ఏళ్లకో, ఒక్కోసారి 40 ఏళ్లకో తెలుస్తాయి. యంత్రంలో చెయ్యి పడితే ఆ రోజే అందరూ చూస్తారు, రిజిస్టరులో రాస్తారు, నష్టపరిహారం అడుగుతారు. రాతినార విషయంలో ఆయాసం మొదలయ్యేసరికి కార్మికుడు రిటైరై ఉంటాడు. ఫ్యాక్టరీ చేతులు మారో, మూతపడో ఉంటుంది. తనతో పనిచేసిన వాళ్లు తలో ఊరికి పోయి ఉంటారు. ఏ పనిలో, ఏ సంవత్సరంలో దుమ్ము పీల్చాడో రుజువు చెయ్యమంటే అతని దగ్గర కాగితం ముక్క ఉండదు. అందుకే ఈ కార్మికుణ్ణి కాపాడే చట్టం రెండు పనులు చెయ్యాలి. దుమ్ము లేవకముందే ఆపాలి. ఒకసారి లేచాక, పీల్చిన మనిషి పేరును దశాబ్దాల పాటు మరిచిపోకూడదు.

ఈ సంగతి ప్రపంచం మొదట నేర్చుకున్నది ఇంగ్లండులో. 1898లోనే లూసీ డీన్ అనే మహిళా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఆస్బెస్టాస్ పనిలోని దుమ్ము గురించి, అందులోని పదునైన కణాల గురించి ప్రభుత్వానికి రిపోర్టు రాసింది. ఎవరూ కదల్లేదు. తర్వాత నెల్లీ కెర్షా అనే కార్మికురాలి కథ వచ్చింది. రాచ్‌డేల్ పట్టణంలో ఆస్బెస్టాస్ నూలు వడికే ఫ్యాక్టరీలో ఆమె పనిచేసేది. 1922లో ఊపిరాడక పని మానేసింది. వైద్యులు ఆస్బెస్టాస్ విషం అని రాసిచ్చారు. అయితే ఆ జబ్బు పేరు ప్రభుత్వ జాబితాలో లేదు. బీమా వాళ్లు యజమాని దగ్గరికి పొమ్మన్నారు. యజమాని అలాంటి జబ్బే లేదని తోసిపుచ్చాడు. 1924 మార్చి 14న 33 ఏళ్ల వయసులో ఆమె చనిపోయింది. అంత్యక్రియల ఖర్చు కూడా కంపెనీ ఇవ్వలేదు. డాక్టర్ విలియం కుక్ ఆమె ఊపిరితిత్తులను మైక్రోస్కోపు కింద పరీక్షించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1927లో ఆ జబ్బుకు ఆస్బెస్టాసిస్ అనే పేరు పెట్టాడు.

దాంతో బ్రిటిష్ ప్రభుత్వం డాక్టర్ మెరివెదర్ అనే వైద్య ఇన్‌స్పెక్టరును రంగంలోకి దించింది. ఆయన 363 మంది కార్మికులను పరీక్షిస్తే 95 మంది ఊపిరితిత్తుల్లో మచ్చకట్టు కనిపించింది. నాలుగో వంతుకు పైనే. ఎంత ఎక్కువకాలం పనిచేస్తే అంత ఎక్కువ జబ్బు అని కూడా తేలింది. ఇంజనీరు ప్రైస్‌తో కలిసి ఆయన 1930లో ఇచ్చిన నివేదిక మీద 1931లో నిబంధనలు వచ్చాయి. యంత్రం దగ్గరే దుమ్మును లాగేసే ఫ్యాన్లు పెట్టాలి, కార్మికులకు వైద్య పరీక్షలు చెయ్యాలి, జబ్బు పడ్డవాళ్లకు పరిహారం ఇవ్వాలి. ఆస్బెస్టాస్ దుమ్ము మీద ఒక దేశం చేసిన తొలి చట్టం అదే.

ఆ చట్టం ఫ్యాక్టరీ లోపల కొన్ని దుమ్ము పనుల దగ్గరే ఆగిపోయింది. ఫ్యాక్టరీలో తయారైన సరుకు ఓడలకు, బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు చుట్టే కార్మికులు దాని పరిధిలోకి రాలేదు. నిజానికి ఎక్కువ దుమ్ము పీల్చింది వాళ్లే. పరిధిని విస్తరించిన కొత్త నిబంధనలు 1969లో గానీ రాలేదు. ఆ మధ్య గడిచిన దాదాపు నలభై ఏళ్లకు బ్రిటన్ ఇప్పటికీ మూల్యం చెల్లిస్తోంది. 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించిన ఆ దేశంలో నేటికీ ఏటా 5 వేల మంది దాకా పాత దుమ్ము వల్ల చనిపోతున్నారు. చట్టంలో ఎవరి పేరు విడిచిపెడితే జబ్బు వాళ్లనే వెతుక్కుంటూ వెళ్లింది.

రెండో పాఠం జపాన్‌ది. ఒసాకాకు దక్షిణాన సెన్నాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచి ఆస్బెస్టాస్ నూలు, గుడ్డ తయారుచేసే చిన్న చిన్న కార్ఖానాలు ఉండేవి. చాలా వాటిల్లో కుటుంబమంతా పనిచేసేది. చంటిబిడ్డలు యంత్రాల పక్కనే పెరిగేవారు. అక్కడ ఆస్బెస్టాసిస్ ఉందని 1937 నుంచి 1940 దాకా సాగిన ప్రభుత్వ సర్వేలోనే తెలిసింది. పరీక్షించిన పదిమందిలో ఒకరికి పైగా జబ్బు కనిపించింది. దుమ్ము లాగే యంత్రాలు తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. అయినా ఆ నిబంధన 1971 దాకా రాలేదు.

కార్ఖానాలు మూతపడ్డాయి. మాజీ కార్మికులు ఆక్సిజన్ సిలిండర్లతో బతకసాగారు. 2006లో వాళ్లు ఏకంగా జపాన్ ప్రభుత్వం మీదే కేసు వేశారు. మమ్మల్ని కాపాడే అధికారం చేతిలో ఉండి ఎందుకు వాడలేదని అడిగారు. ఎనిమిదేళ్లు సాగిన ఆ పోరులో కొందరు తీర్పు వినకుండానే కన్నుమూశారు. 2014 అక్టోబరు 9న జపాన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1958 నాటికే సమాచారం, సాంకేతిక పరిజ్ఞానం రెండూ ఉన్నాయి, అప్పటి నుంచి 1971 దాకా అధికారాన్ని వాడకపోవడం చట్టవిరుద్ధం, ప్రభుత్వమే బాధ్యురాలు అంది. ఆరోగ్య మంత్రి క్షమాపణ చెప్పాడు. 2021 మే 17న అదే కోర్టు భవన నిర్మాణ కార్మికుల విషయంలోనూ ప్రభుత్వాన్ని, సరుకు తయారుచేసిన కంపెనీలను బాధ్యుల్ని చేసింది. చట్టం పుస్తకంలో ఉండి పని చెయ్యకపోతే ఆ తప్పు ప్రభుత్వానిదేనని ఒక అత్యున్నత న్యాయస్థానం నోరు తెరిచి చెప్పిన సందర్భాలు ఇవి.

ఇక మన దేశం. కార్మికుల పక్షాన ప్రపంచం మొత్తానికీ ఆదర్శంగా నిలవదగిన తీర్పు ఒకటి మన సుప్రీంకోర్టు నుంచే వచ్చింది. అహ్మదాబాదులోని కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద 1995 జనవరి 27న ఆ తీర్పు వెలువడింది. రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, ఆ హక్కు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లే గాక రిటైరయ్యాక కూడా ఉంటుందని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఆపైన కోర్టు ఇచ్చిన ఆదేశాలు ఎంత ఆచరణలోవో గమనించండి. ప్రతి ఆస్బెస్టాస్ పరిశ్రమ తన కార్మికుల ఆరోగ్య రికార్డును వాళ్లు పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా భద్రపరచాలి. గాల్లో పోగులను లెక్కించడానికి మెంబ్రేన్ ఫిల్టర్ పరీక్ష వాడాలి. ఈఎస్ఐ బీమా పరిధిలో ఉన్నా లేకపోయినా ప్రతి కార్మికుడికీ ఆరోగ్య రక్షణ కల్పించాలి. దుమ్ము పరిమితులను అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణాలకు తగ్గట్టు పదేళ్లకొకసారి, ఆ సంస్థ కొత్త సూచన ఇచ్చినప్పుడల్లా సమీక్షించాలి. గుజరాత్‌లో ఈఎస్ఐ ఆస్పత్రి పరీక్షించిన కార్మికులను అహ్మదాబాదులోని జాతీయ వృత్తిపర ఆరోగ్య సంస్థకు పంపి మళ్లీ పరీక్ష చేయించాలి. జబ్బు నిర్ధారణ అయితే సంబంధిత ఫ్యాక్టరీ మూడు నెలల్లో తలా లక్ష రూపాయలు చెల్లించాలి.

నలభై ఏళ్ల రికార్డు అన్న మాటలోనే ఈ జబ్బు స్వభావం అంతా ఇమిడి ఉంది. ఆ అంకె గాల్లోంచి వచ్చింది కాదు. దుమ్ము పీల్చడానికీ దగ్గు మొదలవడానికీ మధ్య ఒక్కోసారి పట్టే కాలం అది. 1995లో చేరిన కుర్రవాడి పేరు, ఎక్స్‌రేలు, ఊపిరి పరీక్షలు 2035 దాకా ఫ్యాక్టరీ బీరువాలో ఉండితీరాలని కోర్టు శాసించింది.

మెంబ్రేన్ ఫిల్టర్ పరీక్ష గురించి కూడా కార్మికులకు తెలియాలి. తమ గాలిని ఎలా కొలుస్తున్నారో అడిగే హక్కు వాళ్లది. కార్మికుడి నడుముకు బ్యాటరీతో నడిచే చిన్న పంపు కడతారు. దాని గొట్టం చివర ఒక డబ్బీ, అందులో సన్నటి రంధ్రాల వడపోత బిళ్ల. డబ్బీని ముక్కుకు దగ్గరగా, కాలరు దగ్గర తగిలిస్తారు. కొన్ని గంటలు అతను తన పని తాను చేసుకుంటాడు. పంపు అతను పీల్చే గాలినే లాగుతుంది. తర్వాత ల్యాబులో ఆ బిళ్లను అసిటోన్ ఆవిరితో పారదర్శకం చేసి, ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పెట్టి పోగులు లెక్కబెడతారు. 5 మైక్రాన్ల కంటే పొడవు, 3 మైక్రాన్ల కంటే తక్కువ మందం, మందానికి కనీసం మూడు రెట్లు పొడవు ఉన్నవాటినే పోగులుగా లెక్కిస్తారు. ఒక మిల్లీలీటరు గాలిలో ఎన్ని పోగులు అన్నదే చివరి అంకె. అమెరికాలో 1994 నుంచి పనిచోట దానికి పరిమితి 0.1. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన ఆదేశంతో దాన్ని 0.01కి దించింది. పరిమితి దిగుతూ వచ్చింది గానీ, ఇంతవరకు పీలిస్తే ప్రమాదం లేదని చెప్పదగ్గ మోతాదు మాత్రం దొరకలేదు.

మన చట్టాల్లోనూ మంచి మాటలు తక్కువేమీ లేవు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమల జాబితాలో ఆస్బెస్టాస్ తయారీని, వాడకాన్ని చేర్చారు. పనిలోని ప్రమాదాలు కార్మికుడికి చెప్పాలని, ఆరోగ్య రికార్డు ఉంచాలని, అతను అడిగితే చూపించాలని రాశారు. ఆస్బెస్టాసిస్ నోటిఫై చెయ్యాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. అంటే అలాంటి రోగిని చూసిన వైద్యుడు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు తప్పక రాయాలి. పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల చట్టబద్ధ జాబితాలో ఆస్బెస్టాసిస్‌తో పాటు ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల కేన్సర్, మీసోథీలియోమా కూడా ఉన్నాయి. నెల్లీ కెర్షాకు దక్కని జాబితా మన కార్మికుడికి ఉంది.

మరి లోటు ఎక్కడ? మొదటి లోటు మస్టర్ రోల్‌లో ఉంది. ఆస్బెస్టాస్ బస్తాలు దించేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు, మిషన్లు శుభ్రం చేసేవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు కూలీలే. కాంట్రాక్టరు మారితే పేర్లు మారతాయి. ఆరు నెలలు ఒకచోట, ఆరు నెలలు ఇంకోచోట పనిచేసే కూలీకి నలభై ఏళ్ల రికార్డు ఎవరు రాస్తారు? కాంట్రాక్టు కూలీ పరిహారానికి అసలు యజమాని కూడా బాధ్యుడని చట్టం చెబుతుంది. ఆ నియమం వాడుకోవాలన్నా అక్కడ పనిచేసినట్టు రుజువు కావాలి.

రెండో లోటు ఫ్యాక్టరీ గేటు బయట ఉంది. రేకు కోసే మేస్త్రీ, పాత షెడ్డు విప్పే కూలీ, ఆస్బెస్టాస్ ఉన్న బ్రేక్ లైనింగులు అరగదీసే మెకానిక్ ఏ ఫ్యాక్టరీలోనూ లెక్కకు రారు. బ్రిటన్ 1931లో చేసిన పొరపాటే ఇది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం కరెంటు వాడే చోట 20 మంది, వాడనిచోట 40 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. పాత చట్టంలో ఆ అంకెలు 10, 20. అంటే గీత ఇంకా పైకి జరిగింది. అయితే అదే కోడ్‌లో ఒక తలుపు తెరిచే ఉంది. ప్రాణాంతకమైన, ప్రమాదకరమైన పని అని కేంద్రం నోటిఫై చేస్తే అక్కడ కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా కోడ్ వర్తిస్తుంది. ఆస్బెస్టాస్ రేకులు కోయడం, విప్పడం, కూల్చడం ఆ నోటిఫికేషనులోకి ఎక్కాలి. పార్లమెంటు మళ్లీ కూర్చోవాల్సిన అవసరం లేని పని ఇది. ఢిల్లీలో ఒక సంతకం చాలు.

మూడో లోటు ఆస్పత్రిలో ఉంది. ఆయాసంతో వచ్చిన అరవై ఏళ్ల మనిషిని బీడీలు తాగుతావా అని అడుగుతారు. ముప్ఫై ఏళ్ల కిందట ఏం పని చేసేవాడివి అని కూడా అడగాలి. ఆ ఒక్క ప్రశ్న కేస్ షీటులో చేరితే నోటిఫై చేసే నిబంధనకు ప్రాణం వస్తుంది. జబ్బులు నమోదు కాని చోట జబ్బులే లేవని వాదించడం తేలిక.

ఆస్బెస్టాస్ సంగతి తెలుగు నేలకు దూరంది కాదు. కడప జిల్లా పులివెందుల, బ్రాహ్మణపల్లి ప్రాంతంలో, వేంపల్లె సున్నపురాయి పొరల్లోకి నల్లరాతి పొర చొచ్చుకొచ్చిన చోట క్రిసోటైల్ ఏర్పడింది. అక్కడ ఏళ్ల తరబడి తవ్వకాలు సాగాయి. సనత్‌నగర్ నుంచి మొదలుకొని హైదరాబాదు సిమెంటు రేకుల పరిశ్రమకు దేశంలోనే పేరున్న కేంద్రమైంది. ఆస్బెస్టాస్ గనులకు కొత్త లీజులు ఇవ్వడం కేంద్రం 1986లోనే ఆపింది. 1993లో పాతవాటి రెన్యువల్ కూడా ఆపింది. తవ్వడం ప్రమాదమని తెలిసి ఆపిన దేశం, తవ్వి పంపిన దాన్ని కొనడం మాత్రం ఆపలేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి ఏటా 3 లక్షల టన్నులకు పైగా దిగుమతి అవుతోంది. ప్రపంచంలో ఆస్బెస్టాస్ ఎక్కువగా కొనే దేశాల్లో మనది ముందు వరసలో ఉంది.

అమ్మేవాళ్ల సంగతి కూడా చూడాలి. కెనడా దశాబ్దాల పాటు మనకు ఆస్బెస్టాస్ పంపింది. 2018లో తన దేశంలో నిషేధించింది. ఆస్బెస్టాస్ అనే పేరున్న క్యూబెక్ పట్టణం 2020లో తన పేరే మార్చుకుంది. బ్రెజిల్ సుప్రీంకోర్టు 2017 నవంబరులో దేశమంతటా నిషేధం విధించింది. అయినా గోయాస్ రాష్ట్రం 2019లో ఎగుమతి కోసం తవ్వుకోవచ్చని చట్టం చేసింది. తమ కార్మికుడికి, తమ ఇంటి కప్పుకు పనికిరాదన్నది ఓడెక్కి మన రేవులకు వస్తోంది. 2024 మార్చిలో అమెరికా కూడా క్రిసోటైల్ నిషేధానికి నిబంధన తెచ్చింది. ఆస్బెస్టాస్‌ను నిషేధించిన దేశాలు అరవై దాటాయి.

జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదన్నది పరిశ్రమ వాదన. మూసిన యంత్రాలు, తడి పద్ధతి ఉన్న పెద్ద ఫ్యాక్టరీలో దుమ్మును బాగా తగ్గించవచ్చు, నిజమే. ఆ రేకు లారీ ఎక్కి ఊరు చేరాక ఆ జాగ్రత్త వెంట రాదు. దాన్ని కోసే ప్రతి మేస్త్రీ వెనకా ఇన్‌స్పెక్టరును నిలబెట్టగల ప్రభుత్వం ఎక్కడా లేదు. అందుకే చాలా దేశాలు నియంత్రణతో మొదలుపెట్టి నిషేధానికి చేరాయి. మన దగ్గర 2009లో రాజ్యసభలో తెల్ల ఆస్బెస్టాస్ వాడకాన్ని, దిగుమతిని నిషేధించాలని ఒక ప్రైవేటు మెంబరు బిల్లు వచ్చింది. అది చట్టం కాలేదు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు నిషేధం కోరిన పిటిషనును కొట్టేసింది. రక్షణ చర్యలను సమీక్షించమని మాత్రం కేంద్రానికి, రాష్ట్రాలకు చెప్పింది. నిషేధించే పని పార్లమెంటు చేతిలోనే మిగిలింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1986లో చేసిన 162వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు. అందులో ఉన్నవి ఆకాశం దించమనే కోరికలేమీ కావు. ప్రమాదం లేని ప్రత్యామ్నాయం ఉంటే అదే వాడాలి. పాత కట్టడాలను అర్హత ఉన్నవాళ్లే, ముందుగా ప్రణాళిక రాసుకుని కూల్చాలి. వైద్య పరీక్షలు ఉచితంగా, వీలైనంతవరకు పని వేళల్లోనే జరగాలి. దుమ్ము పనికి పనికిరాడని తేలిన కార్మికుడి ఆదాయం నిలబెట్టడానికి ప్రయత్నించాలి. పని బట్టలు యజమానే ఇచ్చి, యజమానే ఉతికించాలి. అవి ఇంటికి పోకూడదు. ఈ చివరి నిబంధన వెనక ఎందరో ఆడవాళ్ల చావులున్నాయి. 1965లో లండన్‌లో న్యూహౌస్, థాంప్సన్ అనే పరిశోధకులు 76 మంది మీసోథీలియోమా రోగుల చరిత్రలు తీశారు. వారిలో తొమ్మిది మంది ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో ఎప్పుడూ పనిచేయలేదు. ఇంట్లో ఆ పని చేసేవాళ్లున్నారు, అంతే. ఎక్కువమంది భర్త బట్టలు దులిపి ఉతికిన ఇల్లాళ్లు.

జాతీయ చట్టంలో ఏముండాలో చెప్పడానికి ఇంతకంటే అనుభవం అక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి దిగుమతి బంద్ అని గడువు పెట్టాలి. పీవీఏ, సెల్యులోజు పోగులతో ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు చెయ్యవచ్చు. ఆ మార్పుకు ఫ్యాక్టరీలకు సాయం చెయ్యాలి, ఒక్క కార్మికుడి ఉద్యోగమూ పోకుండా చూడాలి. నిషేధించినంత మాత్రాన ఇప్పటికే కోట్ల ఇళ్ల మీద ఉన్న రేకులు మాయం కావు. బళ్లతో, ఆస్పత్రులతో, ప్రభుత్వ గోదాములతో మొదలుపెట్టి ఏ కప్పులో ఆస్బెస్టాస్ ఉందో రిజిస్టరు రాయాలి. బ్రిటన్‌లో భవనాల బాధ్యులు ఆ లెక్క ఉంచి, మరమ్మతుకు వచ్చే కూలీకి ముందే చెప్పాలన్న నియమం ఇరవై ఏళ్లుగా ఉంది. తుపాను సాయంలో కొత్త రేకులు పంచే ప్రభుత్వాలు ఆస్బెస్టాస్ లేనివే కొనాలి. విరిగిన ముక్కలను గుంతలు పూడ్చడానికి, దారి చదును చెయ్యడానికి వాడకుండా తడిపి, మూటగట్టి, నిర్ణీత స్థలంలో పాతిపెట్టించాలి. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు ఫ్యాక్టరీ బీరువాతో పాటు ప్రభుత్వం దగ్గర, అతని చేతిలో కూడా ఉండాలి. ఫ్యాక్టరీ మూతపడినా మనిషి జాడ చెరిగిపోదు.

చట్టం మారేలోగా పనిచోట చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. మిషనుతో కాకుండా చేతి రంపంతో కోస్తే దుమ్ము తగ్గుతుంది. కోసే చోట నీళ్లు చల్లుతూ ఉండాలి. పొడిని చీపురుతో ఊడ్వకూడదు, తడిగుడ్డతో ఎత్తాలి. తువ్వాలు ఈ పోగులను ఆపలేదు. సన్నటి దుమ్మును ఆపే మాస్కు మేస్త్రీకి కొనివ్వడం పని చేయించుకునే ఇంటి యజమాని బాధ్యత. బట్టలు అక్కడే తడిపి, వేరుగా ఉతకాలి.

ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసి బయటికి వచ్చినవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఉన్నారు. 1985లో చేరినవారికి కూడా కోర్టు చెప్పిన గడువు దాటి ఉండకపోవచ్చు, ఎందుకంటే పని మానేశాక పదిహేనేళ్లన్నది రెండో లెక్క. వాళ్లు తమ ఆరోగ్య రికార్డు నకలు ఇవ్వమని పాత యజమానికి రాతపూర్వకంగా అడగాలి. అందులో 1995 జనవరి 27 నాటి సుప్రీంకోర్టు తీర్పును పేర్కొనాలి. ఒక ప్రతి రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖకు పంపి రసీదు తీసుకోవాలి. పాత గుర్తింపు కార్డు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ చీటీ, జీతం స్లిప్పు ఏదున్నా పారేయకుండా దాచుకోవాలి. ఆయాసం, వదలని పొడిదగ్గు ఉంటే ఛాతీ వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఏ ఫ్యాక్టరీలో, ఏ విభాగంలో, ఎన్నేళ్లు పనిచేశారో వాళ్లే ముందుగా చెప్పి, ఆ వివరం చీటీ మీద రాయించుకోవాలి. కార్మిక సంఘాలు ఇలాంటి పదిమందిని ఒకచోట చేర్చి దరఖాస్తులు పెట్టిస్తే, ఎన్ని రికార్డులు నిజంగా ఉన్నాయో, ఎన్ని లేవో ఫ్యాక్టరీల శాఖ లెక్క చెప్పక తప్పదు.